మేడ మీది సవతి

ఆ చెట్టుని ఉమాకుమారి గారు సవతి అనేవారు. నవ్వుతూ అన్నారో ఉడుక్కుంటూ అన్నారో గాని, వట్లూరులో ఆ వీధి వీధంతా విన్నది. ఇప్పుడు ఆ ఒక్క మాటే ఆవిడ కొంప ముంచుతోంది.

నేను వెళ్లేసరికి ఎస్సై సాల్మన్ వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సంగతంతా సూటిగా చెప్పాడు. బోటనీ లెక్చరరుగా రిటైరైన కామేశం గారు భీష్మ ఏకాదశి నాడు మధ్యాహ్నం మేడ మెట్ల మీద కుప్పకూలారు. ఆసుపత్రికి చేర్చేసరికి నాడి అందీ అందనట్టుంది. గుండె వేగాన్ని పడగొట్టే విషం ఏదో ఒంట్లోకి వెళ్లిందని రక్తపరీక్షలో తేలింది. మేడ మీద ఆయన పెంచుతున్న ఎడారి చెట్టు పాలలో ఉండేది కూడా ఆ జాతి విషమేనని డాక్టరు రాసిచ్చాడు. ఇంట్లో ఉండేది మొగుడూ పెళ్లాం ఇద్దరే. ఆ రోజు ఆవిడ వండారు, ఆయన తిన్నారు, ఆవిడ తినలేదు. చెట్టు మీద ఆవిడకి కుళ్లని అందరికీ తెలుసు. భోజనాల వేళ దాటాక లేడీ కానిస్టేబులు వస్తుంది, ఆవిడని స్టేషనుకి తీసుకెళతారు.

"అందాకా మీరు చూసుకునేదేమన్నా ఉంటే చూసుకోండి మాణిక్యం గారూ. తరవాత నన్ననకండి," అన్నాడు.

నన్ను పిలిచింది ఉమాకుమారి గారి చెల్లెలి కూతురు మృదుల. ఏలూరులో బ్యాంకు ఉద్యోగం. మా పెద్దమ్మ అలాంటిది కాదండీ అని ఫోనులో ఏడ్చింది. నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లూ అదే అంటారు, దానికి నేను కదలను. అవతలి పక్షాన పని చేస్తున్నది భానుప్రకాష్ అని ఆ పిల్ల చివర్లో అన్నది చూడండి, దానికి కదిలాను.

ఉన్నమాట చెప్పేస్తాను. వాడి పేరు వింటే నాకు కడుపు మండిపోతుంది. ఏలూరులో నా డిటెక్టివ్ ఆఫీసులో టీ తెచ్చే పని నుంచి మొదలుపెట్టి ఆరేళ్లు నేర్చుకున్నాడు. మనిషి మొహం చూడకు, చేతులు చూడు అని నేర్పింది నేను. గది చూసేటప్పుడు ముందు మూలలు చూడమని నేర్పింది నేను. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో అద్దాల ఆఫీసు, గుమ్మంలో కారు. అవే మాటలు టీవీ వాళ్ల మైకు ముందు, తనకి పుట్టుకతో వచ్చిన తెలివిలాగా చెబుతుంటే నేను గబుక్కున రిమోటు వెతుక్కుంటాను. జనం వాణ్ని మెచ్చుకోవడం తప్పు కాదు. ఆ మెప్పులో నా పేరు లేకపోవడమే నాకు నిద్ర పట్టనివ్వదు.

వాడు మేడ మీంచి చేతులకి తొడుగులు విప్పుకుంటూ దిగాడు. నన్ను చూసి వంగి మరీ నమస్కారం పెట్టాడు.

"మేడమ్ గారూ, మీరు శ్రమ పడి వచ్చారా? కేసు అయిపోయిందండీ."

ఒకప్పుడు అక్కా అనేవాడు. నేను వంటింట్లోకి నడిచాను.

ఉమాకుమారి గారు గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. పక్కన కాఫీ గ్లాసు మీగడ కట్టి చల్లారిపోయింది. నేనూ ఎదురుగా చతికిలబడ్డాను. ఏకాదశి రోజు ఏం జరిగిందో చెప్పమంటే అప్పజెప్పిన పాఠంలా చెప్పుకుపోయారు. పొద్దున్న ఆయనకి ఉప్మా, కాఫీ. తనకి ఉపవాసం. తొమ్మిదింటికి గుళ్లో విష్ణుసహస్రనామ పారాయణకి వెళ్లారు. ఊళ్లో ఆడవాళ్లంతా వెళ్లేదే, ప్రతి ఏడూ వెళ్లేదే. పన్నెండు దాటాక తిరిగొచ్చి చూస్తే ఆయన మెట్ల మీద ఉన్నారు. మిగిలిన ఉప్మా పనిమనిషి సుగుణ తిన్నది, దానికేం కాలేదు.

"మీరు గుళ్లో ఉన్నప్పుడు ఇంటికి ఎవరైనా వచ్చారా పిన్నిగారూ?"

"ఎవరూ రాలేదమ్మా."

నా మాట పూర్తవకముందే వచ్చింది ఆ జవాబు. చేతులు చూశాను. కుడి చెయ్యి ఎడమ చేతి గాజుల్ని పట్టుకుని ఒకదాన్నొకటి తాకనివ్వడం లేదు.

చెట్టు మీద కుళ్లు సంగతి అడిగితే మాత్రం దాచలేదు. "ఎందుకు కుళ్లుకోను? వాన చినుకు పడితే చాలు, గొడుగు పట్టుకుని మేడెక్కేవారు. దానికి తడి పడదట. నేను తడుస్తూ బట్టలు తీస్తుంటే ఆ గొడుగు ఒక్కసారి నా వైపు వంగలేదు. పేపరు వాళ్లొస్తే దాని పక్కన నిలబడి ఫొటో దిగారు, నన్ను కాఫీలు తెమ్మన్నారు. సవతి అనక ఏమంటారమ్మా దాన్ని?"

ఆ మాటంటున్నప్పుడు ఆవిడ కళ్లలో నిజంగానే మంట ఉంది. నాకు బాగా తెలిసిన మంట అది. లేవబోతుంటే నా కొంగు పట్టుకుని ఆపారు.

"చెట్టుని ఎవరూ కదపడం లేదు కదా? లేవగానే వారు ముందు దాన్నే అడుగుతారు."

నేను అక్కడే నిలబడిపోయాను. ఇంకో గంటలో స్టేషనుకి వెళ్లబోయే మనిషి, మొగుడికి విషం పెట్టిందని ఊరంతా అంటున్న మనిషి, సవతి బాగోగులు అడుగుతోంది. ఆ అడగడంలో ప్రేమ లేదు, భయం ఉంది.

మేడ ఎక్కాను. భానుప్రకాష్ నా వెనకే వచ్చాడు, నేనేం చూస్తానో చూడకుండా వాడు ఉండలేడు.

చెట్టు నా నడుం ఎత్తుంది. మొదలు రుబ్బురోలంత లావు, పైకి పోయేకొద్దీ సన్నపడి కొమ్మలు చేతివేళ్లలా విడిపోయాయి. మాఘమాసం కదా, ఆకన్నది ఒక్కటి లేదు. బోడి కొమ్మల చివర్ల మాత్రం గులాబీరంగు పూలు గుత్తులు గుత్తులు. అరేబియా సముద్రంలో ఏదో ఎండు దీవి చెట్టట. వరి చేలూ చేపల చెరువులూ తప్ప ఇంకోటి తెలియని మన నేల మీద దాన్ని గింజ నుంచి పెంచి పూయించారు కామేశం గారు. మొన్న సంక్రాంతి వెళ్లాక తాడేపల్లిగూడెం మొక్కల ప్రదర్శనలో మొదటి బహుమతి ఇచ్చారు.

భానుప్రకాష్ ఒక కొమ్మ వైపు వేలు చూపించాడు. అక్కడ కొమ్మ కోసేసిన మోడు ఉంది. పాలు తీసింది అక్కడేనండీ, వంటింటి కత్తితో తీసి కాఫీలో కలిపింది, ఉప్మా సుగుణ తిన్నదన్న మీ వాదన నా దగ్గర నిలవదు అన్నాడు. వాదన నేనింకా ఎత్తనే లేదు, అదే నా ఒళ్లు మండించింది.

ఆ మోడు మీద గోరు పెట్టి నొక్కాను. కొబ్బరిచిప్ప మీద నొక్కినట్టుంది. అంచుల చుట్టూ బెరడు లోపలికి ముడుచుకుని గాయాన్ని కప్పేసింది.

"ఇది ఎప్పటి గాయమయ్యా?"

"కోసిందయితే నిజమే కదండీ."

"కోసి ఏడాది దాటింది. ఎండి, మాని, పక్క నుంచి చిగురు కూడా వేసింది. ఏకాదశికి ఇందులోంచి పాలు ఎలా వచ్చాయి?"

వాడు వంగి చూశాడు. నేను ఒక్కో కొమ్మా కింది నుంచి పైదాకా తడిమాను. ఎక్కడా గీత లేదు, గాటు లేదు. పాలు ఈ చెట్టువి కావు. అంటే ఇలాంటి చెట్టు ఇంకొకటి ఎక్కడో ఉందన్నాను.

"లేదు మేడమ్. జిల్లా మొత్తానికి ఇదొక్కటేనని కామేశం గారే పేపరుకి చెప్పారు," అన్నాడు వాడు. నాకు తెలియని ముక్క వాడికి తెలిసినందుకు పెదవి చివర చిన్న నవ్వు.

నేను మూలలు చూడటం మొదలుపెట్టాను. కుండీకీ పిట్టగోడకీ మధ్య బెత్తెడు సందుంది. చెయ్యి పెట్టి లాగితే తేగ తొక్కలు, సగం కొరికి వదిలేసిన తేగ ముక్క ఒకటి వచ్చాయి. తాటి తేగ. ముక్క నిలువునా చీల్చి ఉంది, చీలిక లోపల బంకలాంటిదేదో ఎండి మెరుస్తోంది. పక్కనే చీమలు బారు కట్టి పోతున్నాయి గాని, దాని జోలికి ఒక్కటీ వెళ్లలేదు. ఉడికించిన తేగ చిరుచేదుగా ఉండటం మామూలే, నాలుగు ముక్కలు నమిలేదాకా ఎవరికీ అనుమానం రాదు.

"ఇది నువ్వు చూశావా?"

"చెత్తనుకున్నానండీ." మొదటిసారి వాడి గొంతు తగ్గింది.

"కాఫీలో కలిపిందన్నావు. మరి ఈ తేగలు తెచ్చిందెవరు? ఏకాదశి నాడు ఆవిడ గుడికి పోయాక, ఈ చెట్టు పక్కన కూర్చుని ఆయన చేత తినిపించిందెవరు?"

దానికి వాడు ఇంకో మాటన్నాడు, నన్ను పొడవడానికే అన్నాడు. మీరెంత వెతికినా సాయంత్రం దాకానేనట. ఆ చెట్టు ఇక్కడుంటే ఆవిడ చంపేస్తుందని భయపడి, తీసుకెళ్లి జాగ్రత్త చేస్తానని తన క్లయింటు ఎస్సైకి అర్జీ పెట్టుకున్నాడట. వ్యాను కూడా మాట్లాడేశారట. క్లయింటు ఎవరని అడిగితే, కామేశం గారి మేలు కోరేవారు, పేరు చెప్పడం మా వృత్తిలో మర్యాద కాదండీ అన్నాడు. ఆ మర్యాద కూడా నేను నేర్పిందే.

నేను కుండీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. పైన ఎర్రటి గరపరాళ్లు. ఆ గరపని కామేశం గారు ఏటా జంగారెడ్డిగూడెం నుంచి బస్సులో బస్తా వేయించుకుని మరీ తెప్పించేవారని మృదుల చెప్పింది. మన నల్లమట్టి నీళ్లు పట్టేస్తుంది, అందులో ఈ చెట్టు బతకదు. రెండు వేళ్లు లోపలికి దింపి తవ్వాను. ఎర్ర గరప పైపొరే. దాని కింద తెల్లగా నలిగిన పొడి, మధ్యమధ్య శనగగింజంత నత్తగుల్లలు. అరచేతిలో వేసుకుని చూశాను. ఈ గుల్లలు ఎక్కడివో ఏలూరులో చిన్నపిల్లలు కూడా చెబుతారు. కొల్లేరు ఎండినప్పుడు గట్ల మీద గుట్టలుగా పడుండేవి ఇవే.

జంగారెడ్డిగూడెం గరప వాడే మనిషి చెట్టు కింద కొల్లేటి గుల్లలు ఎందుకున్నాయి? ఎర్రమట్టి దొరకనివాడు, చేతికందిన గుల్లలనే దంచి, నీళ్లు జారిపోయేలా పొరలు పోసి పెంచాడు. ఏళ్ల తరబడి కాచుకుని పెంచాడు. ఆ తరవాత చెట్టు ఇక్కడికి వచ్చింది, పైన ఎర్ర గరప పరిచి ఈ ఇంటి చెట్టులా చేశారు. అంటే బహుమతి ఒకరికి వచ్చింది, చెట్టు ఇంకొకరిది.

తలెత్తితే ఎదురుగా భానుప్రకాష్ నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాలో, నేను నేర్పిన తీరులో చేతులు వెనక్కి కట్టుకుని. మనం పెంచింది పరాయి మేడ మీద పూస్తుంటే, జనం ఆ మేడనే మెచ్చుకుంటుంటే లోపల ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. విషం పెట్టినవాడికి ఈ చెట్టు మీద కుళ్లు లేదు. దాని పక్కన నిలబడి ఫొటో దిగిన మనిషి మీద ఉంది.

ఎస్సైని, ఉమాకుమారి గారిని పైకి పిలిచాను. తేగ ముక్కని కవరులో వేసి సాల్మన్ చేతిలో పెట్టాను. గుల్లలున్న అరచెయ్యి ఆవిడ ముందు చాపాను.

ఆవిడ వాటిని చూశారు. పిట్టగోడ పట్టుకుని మెల్లగా కూర్చున్నారు.

"ఆయనకి చెప్పకండమ్మా," అన్నారు. "జైలుకి పంపినా సరే. ఇది మాత్రం చెప్పకండి."

"మీరు చెప్పకపోతే మీరు జైలుకి పోవడంతో ఆగదు పిన్నిగారూ. ఆయనకి ఒకసారి పెట్టినవాడు మళ్లీ పెడతాడు."

ఆవిడ పూల వైపు చూస్తూ చెప్పారు.

"రెండేళ్ల కిందట వారికి గుండె ఆపరేషన్ అయింది. హైదరాబాదులో నెలన్నర. నేను వెళ్లొస్తూ ఇల్లు చూసుకునేదాన్ని. చెట్టుకి చుక్క నీరు పొయ్యొద్దన్నారు. పుష్యమాసం అది. ఆకులన్నీ రాలి బోడిగా నిలబడి ఉంది. ఎండిపోతోందనుకున్నాను. మనిషి ఆసుపత్రిలో ఉన్నాడు, ఆయన ప్రాణం పెట్టుకున్న చెట్టు నా చేతిలో పోతే అపశకునం కాదా? ఇక్కడున్న ప్రతి రోజూ తులసమ్మకి పోసి, బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి దీనికి పోశాను. కుళ్లు మాట అటుంచమ్మా, ఆ నెలన్నరా నేను దాన్ని నా బిడ్డలా చూశాను. ఓ రోజు మొదలు పట్టుకుంటే వేళ్లు లోపలికి దిగిపోయాయి. మొత్తం మెత్తగా కుళ్లిపోయింది."

అది నిద్రపోతున్న చెట్టని ఆవిడకి తెలియదు. కాలవ నీళ్ల మధ్య పుట్టి పెరిగిన మన ఆడవాళ్లలో ఎవరైనా అదే చేస్తారు. బోడి మొక్క కనిపిస్తే చేతిలో ఉన్న చెంబు దానంతటదే వంగుతుంది.

తరవాత జరిగింది ఆవిడ తలొంచుకుని చెప్పారు. వారికి మొదట్లో రెండు గింజలు దొరికితే ఒకటి స్నేహితుడికి ఇచ్చారు. కొల్లేటి పక్క చేపల చెరువులున్న సత్తిరాజు గారు. ఆయన దగ్గర దీని జోడు ఉంది, ఇంతే వయసు, ఇంతే ఎత్తు. పదేళ్ల కింద ఏదో మాట తేడా వచ్చి ఇద్దరికీ రాకపోకలు పోయాయి, వారి లెక్కలో ఆ గింజ ఏనాడో చచ్చిపోయింది. ఉమాకుమారి గారు వెళ్లి ఆయన కాళ్ల మీద పడ్డారు. మన చెట్టుకి అంతకు ముందే తుఫానులో ఒక కొమ్మ విరిగితే కోసేశారు కనక, ఆయన తన చెట్టుకీ అదే కొమ్మ కోసి చెట్టుని ఇచ్చారు, కోసిన కొమ్మని తన దగ్గరే నాటుకున్నారు. ఇంటికి వచ్చాక కామేశం గారు మూడు నెలలు మేడెక్కలేదు. ఎక్కాక, బాగా పెరిగిందే అని మురిసిపోయారు.

"బదులుగా ఏం అడిగాడు?"

"ఏమీ అడగలేదమ్మా. పూసినప్పుడు ఒక్కసారి వచ్చి చూసుకుంటానన్నారు. పాత గొడవ మరిచిపోయానని చెప్పి, రెండేళ్లుగా వారితో మళ్లీ స్నేహం కలిపారు. మొన్న బహుమతి ఇచ్చినప్పుడు జనంలో నిలబడి చప్పట్లు కొట్టారు. కొడుతూనే ఉన్నారు, అందరూ ఆపేశాక కూడా. ఏకాదశి నాడు పూలు చూడటానికి వస్తానని కబురు చేశారు. నేను గుడికి వెళుతుంటే సందు మొదట్లో కనిపించారు, చేతిలో తేగల కట్ట ఉంది. నేను తల తిప్పుకుని వెళ్లిపోయాను. ఆయన వచ్చారని చెబితే ఎందుకొచ్చారంటారు. అందుకని ఎవరూ రాలేదన్నాను."

ఎస్సై భానుప్రకాష్ వైపు చూశాడు. నేనూ చూశాను. వాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. క్లయింటు పేరు వాడింక చెప్పక్కర్లేకపోయింది.

ఇలాంటి రోజు ఒకటి రావాలని ఎన్నిసార్లు కోరుకున్నానో. వాడు నోరు తెరుచుకుని నా ముందు నిలబడాలని, నేను నాలుగు మాటలు అనాలని. వచ్చింది. ఆ నాలుగు మాటలు అనడానికి నోరు తెరుస్తుండగా వాడే అన్నాడు.

"అక్కా, ఆసుపత్రిలో ఆయన దగ్గర కూర్చున్నది సత్తిరాజు గారే. భార్యని దగ్గరికి రానివ్వకూడదని నేనే ఎస్సై గారితో చెప్పి ఆయన్ని కాపలా పెట్టించాను. కామేశం గారికి ఇవాళ మాట వస్తుందని డాక్టరు అన్నాడు."

మాట వస్తే ముందు బయటికి వచ్చేది తేగల సంగతే. సాల్మన్ జీపు కోసం కిందికి పరిగెత్తాడు. ఆసుపత్రి ఊరికి అవతలి చివర. ఆ గదిలో నర్సు నంబరు మృదుల నాకు పొద్దున్నే ఇచ్చింది, చేశాను. రెండోసారికి ఎత్తింది.

"పేషెంటు లేచారండీ. ఇప్పుడే కూర్చోబెట్టాం. రాజుగారు ఇంటి నుంచి ఫ్లాస్కులో పాలు తెచ్చారు, పట్టిస్తున్నారు."

తాగనివ్వద్దన్నాను. పోలీసులే కూర్చోబెట్టిన మనిషండీ, నేనెలా కాదంటాను అంది ఆ పిల్ల. స్పీకరులో పెట్టమన్నాను. పెట్టింది. అవతల మెత్తటి గొంతు ఒకటి వినిపించింది. ఆ ఇంటి వైపు నుంచేనా తల్లీ, పట్టించుకోకు, విషం పెట్టింది ఆవిడేనని కామేశానికి చెప్పాను, నువ్వు తాగు కామేశం అంటోంది.

ఉమాకుమారి గారు నా చేతిలోంచి ఫోను లాక్కున్నారు. ఎవరు కాదన్నా ఆయన వినరని, ఒక్క మాటకి మాత్రం గ్లాసు ఆపుతారని ఆవిడకి తెలుసు.

"ఏవండీ, మీ చెట్టు చచ్చిపోయి రెండేళ్లయిందండీ. నేనే నీళ్లు పోసి చంపేశాను. మేడ మీద ఉన్నది సత్తిరాజు గారి చెట్టు. ఆ పాలు తాగకండి."

అవతల స్టీలు గ్లాసు నేల మీద పడి దొర్లిన చప్పుడు వచ్చింది. అందులో పాలు ఉన్నాయో అప్పటికే లేవో మాకు తెలియలేదు.